అక్తర్ రాసిన రెండు కమాండ్లు

అక్తర్ ఏది టైపు చేసినా చదివేవాడు కాదు. ఇది నేను తిట్టడం కాదు, అతని పనితనమే అది. పెళ్ళి పత్రిక, దశదిన కర్మ కార్డు, ఎరువుల దుకాణం కరపత్రం, బడి ప్రశ్నపత్రం, ఏది ముందు పెట్టినా కంటికి కనబడ్డ అక్షరం నేరుగా వేళ్ళలోకి దిగిపోయేది. మధ్యలో అర్థం దగ్గర ఆగేది కాదు. డీటీపీ పని చేసేవాళ్ళు చాలామంది అంతే. చదవడం మొదలుపెడితే చెయ్యి నెమ్మదిస్తుంది. పైగా జనగామలో అచ్చయ్యే రాతల్లో చదవాల్సింది ఏముంటుంది? నేను చదివాను కాబట్టి చెప్తున్నాను, ఏమీ ఉండదు.

అతని తండ్రికి మానుకోటలో పంక్చర్ల దుకాణం ఉండేది. తండ్రి క్షయతో పోయాక తల్లి తస్లీమా కొడుకును వెంటబెట్టుకుని జనగామలో ఉన్న తన అన్న అబ్దుల్ బారీ ఇంటికి వచ్చింది. కొన్నాళ్ళకు ఆమె కూడా పోయింది. బారీ దర్జీ. స్టేషన్ రోడ్డులో ఒక గది, ఒక మిషను, ఇంట్లో భార్య ఖమర్ బీ, కూతురు ఇరం. మేనల్లుణ్ణి వాళ్ళతో పాటే పెంచాడు. ఇరం అక్తర్‌దేనని ఆ ఇంట్లో ఎప్పుడో అనుకున్నారు. ఎవరూ గట్టిగా అనలేదు, కానీ ఇరం పెద్దదయ్యాక అక్తర్ ఆ ఇంట్లో పడుకోవడం మాని దుకాణంలో పడుకునేవాడు. మాట ఖాయమని గల్లీకి తెలిసింది అట్లాగే.

ఇంటర్ తప్పాక అతను ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఊడ్చి, తుడిచి, మిషన్లు ఆన్ చేసే పనిలో చేరాడు. అక్కడ మూలన ఒక పాత కంప్యూటర్ ఉండేది. దాని విండోస్ వైరస్‌లతో చచ్చిపోతే, ఎవరో పత్రికతో వచ్చిన ఉచిత సీడీ నుంచి లైనక్స్ ఎక్కించి వదిలేశారు. నల్లతెర, తెల్లక్షరాలు. దాని ముందు ఎవరూ కూర్చునేవారు కాదు. అక్తర్ కూర్చున్నాడు. పుస్తకం లేదు, చెప్పేవాడు లేడు. తప్పు కమాండు కొట్టడం, తెర మీద అది తిట్టిన తిట్టు చూసి ఇంకోటి కొట్టడం. అట్లా రెండేళ్ళు.

అందులో అతన్ని కట్టిపడేసింది ఒకటే. ఒక ఫోల్డరులో ఎన్ని వందల ఫైళ్ళున్నా, వాటిలో ఒక్కటి కూడా తెరవకుండా, ఒకే ఒక్క లైను రాసి, ఫలానా మాట ఎక్కడుంటే అక్కడ దాన్ని తీసేసి ఇంకో మాట పెట్టమని చెప్పొచ్చు. వెతకడానికి గ్రెప్, మార్చడానికి సెడ్. ఎంటర్ నొక్కి కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. మిగతా డీటీపీ వాళ్ళు ఒక్కో ఫైలూ తెరిచి, వెతికి, మార్చి, మూసి, సాయంత్రానికి మెడలు పట్టేసి కూర్చునేవారు. వాళ్ళను చూసి అక్తర్ నవ్వుకునేవాడు. జీవితంలో అతను నవ్వుకున్న సందర్భాలు నాకు తెలిసి అవే.

ఉద్యమం పెద్దదైనప్పుడు జగన్మోహన్ అతన్ని పనికి పిలిచాడు. జగన్మోహన్‌ది చిల్పూర్ వైపు భూస్వామి కుటుంబం, అందరూ పటేల్ అనేవారు. ఊళ్ళో పొలాలు, జనగామలో రైసుమిల్లు, చిన్నాచితకా కాంట్రాక్టులు. గాలి ఎటు వీస్తుందో మిల్లు పొట్టు కన్నా ముందు తెలుసుకునే మనిషి. పట్టణంలో ఉద్యమ కమిటీ ఏర్పడగానే దానికి అధ్యక్షుడయ్యాడు. బస్టాండు ఎదురుగా దీక్షా శిబిరం టెంటు, మేడ మీద కమిటీ ఆఫీసు, ఆఫీసులో ఒక కంప్యూటర్, దాని ముందు అక్తర్. రోజూ శిబిరంలో ఎవరు కూర్చున్నారు, ఎవరు మాట్లాడారు, ఎవర్ని అరెస్టు చేశారు, అన్నీ టైపు చేసి ప్రింటు తీసి విలేకరులకు ఇచ్చేవారు. విలేకరులు అందులోంచి రెండు ముక్కలు రాసుకుని, ఆ కాగితంలోనే మిర్చి బజ్జీలు తినేవారు. పూర్తి నివేదిక, అందరి పేర్లతో, ఉండేది ఆ ఒక్క కంప్యూటర్‌లోనే. రోజుకొక ఫైలు.

ఆ ఫైళ్ళ నిండా ఉన్న పేరు అబ్దుల్ బారీది. దుకాణానికి తాళం వేసి ఆ మనిషి టెంటులోనే ఉండేవాడు. దీక్షకు మనుషులు రాని రోజు ఆయన కూర్చునేవాడు, వచ్చిన రోజు వాళ్ళకు నీళ్ళు మోసేవాడు. కోస్తావాళ్ళ సినిమాల్లో మన మాటను నౌకరుకీ రౌడీకీ పెట్టి నవ్వించారని మైకులో చెప్తే జనం నిజంగా వినేవారు, ఎందుకంటే ఆయన మాట్లాడేది అదే మాట, దాన్లో సగం ఉర్దూ. ఒక ఊరేగింపులో లాఠీ దెబ్బకు ఆయన కుడి మణికట్టు విరిగింది. అతికింది గానీ వంకరగా అతికింది. ఆ తర్వాత కత్తెర పట్టలేకపోయాడు. మిషను ముందు ఇరం కూర్చుంది. ఉద్యమం ఆ ఇంటి నుంచి తీసుకున్నది చెయ్యి. ఇచ్చింది ఏదైనా ఉంటే ఆ ఫైళ్ళలో పేరు.

సకల జనుల సమ్మె రోజుల్లో లారీ సంగతి జరిగింది. హైవే మీద బండ్లు ఆపేశారు. ఆగిన వాటిలో ఒక లారీ మీద కోస్తా జిల్లా నంబరు ఉంది. జగన్మోహన్ కొడుకు నితిన్, వెంట పది పదిహేను మంది పోరగాండ్లు. పెట్రోలు పోసి అంటించారు. లోపల డ్రైవర్ నిద్రపోతున్నాడని తర్వాత తెలిసింది. పేరు కరుణాకర్. లారీ కోస్తా కాంట్రాక్టరుది, మనిషి మాత్రం కాటారం దగ్గరి ఊరివాడు. మహదేవపూర్ వైపు పనులకు పైపులు దించి వస్తున్నాడు. మంటల్లో కాలుతున్న తలుపు పట్టుకుని తీసి బయటపడ్డాడు. అరచేతుల తోలు తలుపుకే ఉండిపోయింది. ఇప్పుడు అతనికి వేళ్ళు విడివిడిగా లేవు.

ఆ మధ్యాహ్నం, లోపల మనిషి ఉన్నాడన్న కబురు రాకముందే, జగన్మోహన్ తానే నిలబడి నివేదిక చెప్పాడు. నితిన్ ఆధ్వర్యంలో రహదారి దిగ్బంధం, నితిన్ పిలుపుతో యువకుల ఆగ్రహం, అట్లా నాలుగు చోట్ల కొడుకు పేరు. అక్తర్ టైపు చేశాడు. చదవలేదు. అందరూ హైవేకు పోతే టెంటులో బారీ ఒక్కడే ఆ రోజంతా కూర్చున్నాడు. ఒక్కడే కూర్చున్నాడు కాబట్టి కూర్చున్నాడని చెప్పే మనిషి లేడు. కబురు తెలిశాక ఆ నివేదికను విలేకరులకు ఇవ్వలేదు, దినపత్రికల్లో గుర్తు తెలియని వ్యక్తులు అని వచ్చింది. కేసూ వాళ్ళ మీదే అయింది. ఊరందరికీ తెలిసినవాళ్ళను గుర్తు తెలియనివాళ్ళని రాసుకోవడం మాకు అలవాటే.

రెండేళ్ళకు రాష్ట్రం ఇస్తామని ఢిల్లీలో తేల్చారు. జనగామలో మిఠాయి దుకాణాలు ఖాళీ అయ్యాయి. ఆ వారమే జగన్మోహన్‌కు కొడుకు భవిష్యత్తు గుర్తొచ్చింది. మున్సిపల్ ఎన్నికలు ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. ఉద్యమ చరిత్ర అని ఒక సంచిక వేసి హైదరాబాద్ తీసుకుపోవాలి. చరిత్ర తీసి చూస్తే అందులో నిండా దర్జీ ఉన్నాడు, నితిన్ ఒక్క రోజు తప్ప లేడు.

అక్తర్‌ను పిలిచి పని చెప్పాడు. అబ్దుల్ బారీ ఉన్నచోటల్లా నితిన్ ఉండాలి, పాత కాపీ ఎక్కడా మిగలొద్దు. మీ మామకు పేరెందుకు, ముసలోడు, ఓట్లకు నిలబడ్తడా అని నవ్వాడు. అక్తర్ ఒకసారి కాదన్నాడు. జగన్మోహన్ కోప్పడలేదు. మిల్లు పక్కన ఖాళీగా ఉన్న గదిని డీటీపీ సెంటర్ పెట్టుకోవడానికి అతని పేరున ఇస్తానన్నాడు. అందులోనే సంసారం పెట్టుకోవచ్చు కూడా అన్నాడు. ఇరంను తీసుకుపోవడానికి అక్తర్‌కు లేనిది గది ఒక్కటే.

అతను పనిని శుభ్రంగా చేశాడు. అబ్దుల్ బారీ, బారీ సాబ్, దర్జీ బారీ, ఎన్ని రకాలుగా ఉంటే అన్నింటినీ ముందు గ్రెప్‌తో పట్టుకున్నాడు. ఒక ఫైలు మీద నడిపి చూసుకున్నాడు. తర్వాత మొత్తం ఫోల్డరు మీద సెడ్ వదిలాడు. ఫైళ్ళ మీద కొత్త తారీఖు పడితే అనుమానం వస్తుందని, ప్రతి ఫైలుకూ దాని పాత తారీఖే మళ్ళీ వేసే కమాండు కూడా రాశాడు. ఆ చివరిది ఎవరూ అడగలేదు. పనిమంతుడు కాబట్టి చేశాడు.

ఫంక్షన్ హాల్లో సభ పెట్టి, సంచిక అచ్చుకు వెళ్ళకముందే దాన్ని చదివి వినిపించారు. శిబిరం నిలబెట్టింది నితిన్. నీళ్ళు మోసింది నితిన్. లాఠీ దెబ్బకు మణికట్టు విరిగింది కూడా నితిన్‌కే. స్టేజీ మీద నితిన్ రెండు చేతులూ బాగా ఊపి దండం పెట్టాడు, శాలువా కప్పించుకున్నాడు. వెనక వరసలో కూర్చున్న బారీ తన వంకర మణికట్టును అంగీ చేతిలోకి లాక్కున్నాడని పక్కన ఉన్నవాళ్ళు చెప్పారు. చెప్తూ నవ్వారు. మాది అట్లాంటి ఊరు.

బారీ నేరుగా మేడ మెట్లెక్కి అక్తర్ దగ్గరికి వచ్చాడు.

“నువ్వేనా మార్చింది?”

అక్తర్ తెర వైపు చూస్తూ, పటేల్ సాబ్ చెయ్యమన్నడు మామూ అన్నాడు.

“చెయ్యి ఇరిగినప్పుడు గింత నొయ్యలే,” అన్నాడు బారీ. “ఇరంను మర్చిపో. నన్ను తుడిచినోనికి నా బిడ్డనెట్లిస్త?”

మిల్లు పక్క గది తాళంచెవి అప్పటికే అక్తర్ జేబులో ఉంది. అందులో ఒక్కడే కాపురం పెట్టాడు. ఇరం గల్లీలో ఎదురైతే దుపట్టా సర్దుకుని పక్క సందులోకి తిరిగేది. ఒకసారి ఆపి మాట్లాడబోతే, నితిన్ తోని మాట్లాడుకో పో, మా అబ్బా చేసినయన్ని గాయిన చేసిండట గద అంది.

ఎన్నికల ముంగట జగన్మోహన్ మళ్ళీ పిలిచాడు. ఈసారి కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. సంచిక అచ్చు ఆపించానని, బారీకి అన్యాయం జరిగిందని తన మనసు ఒప్పుకోవడం లేదని అన్నాడు. స్టేషన్ రోడ్డు ముస్లింలు కూడా అలిగి ఉన్నారు, ఎవరి పేరు వాళ్ళకు ఇచ్చేద్దాం అన్నాడు.

“నితిన్ పేరు ఒక్కకాడ గూడ ఉండొద్దు. ఉన్నకాడల్ల బారీ సాబ్ పేరే పెట్టు. పెద్దమనిషి, సంబురపడ్తడు.”

అంతకు ముందు వారం కరుణాకర్ కోర్టుకెక్కాడు. లారీ తగలబడ్డ నాటి కమిటీ నివేదికలు ఇవ్వమని పోలీసులు అడగబోతున్నారని జగన్మోహన్‌కు ఠాణాలో ఉన్న చుట్టం చెప్పాడు. అక్తర్‌కు ఇది తెలియదు. అతనికి తెలిసింది, ఇరం మళ్ళీ తన వైపు చూడబోతుందని.

ఇక్కడ ఆ పని చేసేవాళ్ళెవరికైనా తెలిసిన ముచ్చట ఒకటుంది. రెండు బిందెల నీళ్ళు ఒకే గోలెంలో పోశాక, ఏ నీళ్ళు ఏ బిందెవో గోలేనికి తెలియదు. మొదటి కమాండుతో బారీ పేర్లన్నీ నితిన్ అయ్యాయి. కానీ అంతకు ముందే నితిన్ అని నిజంగా ఉన్న పేర్లు కొన్ని ఉన్నాయి, లారీ నాటి ఫైలులో. ఇప్పుడు నితిన్‌లన్నిటినీ బారీ చేస్తే అవీ బారీ అవుతాయి. చదివే అలవాటున్న మనిషైతే ఆ ఫైలు గుర్తుండేది. అక్తర్ నడిపాడు. మార్పుల లెక్క తెర మీద పడింది, మొదటిసారి కన్నా నాలుగెక్కువ. పోయినసారి ఎక్కడో తప్పిపోయినవి ఈసారి దొరికాయనుకుని సంతోషపడ్డాడు. పాత తారీఖులు మళ్ళీ వేశాడు. ప్రింట్లన్నీ తీసి, జగన్మోహన్ చూపించిన చోటల్లా టైపు చేసినవాడిగా సంతకం పెట్టాడు.

ఒక్క కాగితం మాత్రం మడిచి స్టేషన్ రోడ్డుకు పట్టుకుపోయాడు. మణికట్టు విరిగిన రోజుది. బారీకి ఉర్దూ తప్ప చదవడం రాదు. ఇరం మిషను ఆపి, తెలుగులో గట్టిగా చదివింది. తండ్రి పేరు వచ్చిన ప్రతిచోటా కొంచెం ఆగింది. బారీ ఆ కాగితాన్ని ఎడం చేత్తో తీసుకుని, తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఖమర్ బీ లోపలికి పోయి సేమియా పొయ్యి మీద పెట్టింది. నిఖాకు మాట మళ్ళీ ఖాయమైంది. ఆ పూట ఇరం అక్తర్‌కు తానే గిన్నె అందించింది. అతని జీవితంలో మంచి రోజు ఏదని అడిగితే అదే. దాన్ని నేను చిన్నచేసి చెప్పను.

నిఖా తారీఖుకు ముందే పోలీసులు వచ్చారు. బారీ గల్లీ నల్లా దగ్గర నమాజుకు వజూ చేసుకుంటున్నాడు. లారీ కాల్చిన కేసులో మొదటి ముద్దాయి అన్నారు. కమిటీ సొంత నివేదికలోనే రాసి ఉందన్నారు: అబ్దుల్ బారీ ఆధ్వర్యంలో, అబ్దుల్ బారీ పిలుపుతో. జగన్మోహన్ మిల్లు హమాలీలు ఇద్దరు చూసిన సాక్షులు. కరుణాకర్ నిద్రలో ఉండి మొహాలు చూడలేదు. కోర్టు వరండాలో బారీని చూపిస్తే, అతను ఆ అతుక్కుపోయిన చేతులు రెండూ ఎత్తి ముసలాయన మొహానికి దగ్గరగా పెట్టి, నీ ఇల్లు గిట్లనే కాలాలె అన్నాడు. బారీ, నేను కాదు బిడ్డా అన్నాడు. దాన్ని ఎవరూ రాసుకోలేదు.

అక్తర్ ఆఫీసుకు పరుగెత్తాడు. ఆ రోజు ఫైలు మొదటిసారి తెరిచి, మొదటిసారి చదివాడు. ఎన్నిసార్లు చదివాడో తెలియదు. తర్వాత ఠాణాకు పోయాడు. ఇన్‌స్పెక్టర్ ఓపికగానే విన్నాడు. నువ్వు చెప్పే పాత ఫైలు చూపించు అన్నాడు. లేదు. మార్చిన గుర్తేమైనా ఉందా? లేదు, తారీఖులు కూడా పాతవే. సంతకం? అతనిదే.

“ముందు బారీ పేరు తీసి నితిన్‌ది పెట్టిన అంటవ్, మళ్ల నితిన్‌ది తీసి బారీది పెట్టిన అంటవ్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఇందుల ఏది దొంగరాత? రాసిస్తవా? రాసిస్తే నువ్వు రెండో ముద్దాయివి. మామ పక్కన జాగ ఉన్నది.”

కాగితమూ పెన్నూ అతని ముందుకు జరిపాడు. అక్తర్ వాటిని చూశాడు. లేచి నిలబడి, ఆలోచించి వస్త సార్ అని బయటికి వచ్చాడు. మళ్ళీ పోలేదు.

అక్కడ పెట్టలేని సంతకం ఇరం ముందు పెట్టాడు. రెండు కమాండ్ల సంగతీ, నాలుగెక్కువ వచ్చిన సంగతీ, ఠాణా నుంచి వెనక్కి వచ్చిన సంగతీ, అన్నీ చెప్పాడు. ఇరం మిషను మీద నుంచి చేతులు తియ్యకుండా విన్నది. ఏడవలేదు. అబ్బాకు చెప్పావా అని అడిగింది. లేదన్నాడు. చెప్పకు అంది. నిఖా ఇక జరగదు, ఆ మాట కూడా ఆయనకు చెప్పొద్దు అంది.

“మా అబ్బా లోపట నీ పేరు తల్సుకోని బతుకుతున్నడు. నా అల్లుడు నా పేరు నాకు తెచ్చిచ్చిండని అందరికి చెప్తున్నడంట. ప్రతి ములాఖత్‌కు నువ్వు నాతోని రావాలె. ఆయన దువా ఇస్తడు. నిలబడి తీసుకోవాలె. తప్పిచ్చుకున్ననాడు నేనే చెప్త.”

రాష్ట్రం వచ్చింది. బస్టాండు ఎదురుగా డప్పులు, రంగులు. నితిన్ అప్పటికే వార్డు గెలిచి ఉన్నాడు, జీపు మీద నిలబడి ఊరంతా తిరిగాడు. మేమంతా వెనక నడిచాం. నేనూ నడిచాను, ఎందుకు అబద్ధం. బారీకి బెయిలు రాలేదు. లోపల మనిషి ఉండగా లారీ కాల్చడం ఎత్తేసే ఉద్యమ కేసుల కిందికి రాదన్నారు. ఆ మాట నిజమే. అందుకే ఇంకా మంట.

ములాఖత్ రోజు ఇరం ముందు నడిచేది, అక్తర్ వెనక. బస్సులో వేరువేరు సీట్లు. జైల్లో జాలీకి అవతల బారీ చిక్కిపోయి, గడ్డం తెల్లబడి, వీళ్ళను చూడగానే మొహం వెలిగేది. ముందు కూతురి బాగోగులు అడిగి, తర్వాత జాలీ కన్నాల్లోంచి ఎడం చేతి వేళ్ళు బయటికి పెట్టి అక్తర్ వేళ్ళు అందుకుని దువా చదివేవాడు. లారీ రోజు నివేదికలో తన పేరు జగన్మోహనే ఎక్కించాడని ఆయన నమ్మకం. మిగతా ఫైళ్ళలో అక్తర్ కాపాడాడని కూడా అంతే నమ్మకం. ఇరం పక్కనే నిలబడి అక్తర్ మొహం వైపు చూస్తూ ఉండేది, దువా అయిపోయేదాకా.

మొన్నటి ములాఖత్‌లో బారీ గొంతు తగ్గించి అడిగాడు. జగన్మోహన్ పటేల్ మంచోడు కాదు, నేను లేనిది చూసి మళ్ళీ తుడిపిస్తాడేమో అని భయంగా ఉందన్నాడు.

“నా పేరు ఇంక ఉన్నదారా కంప్యూటర్ల?”

ఇరం కళ్ళు అక్తర్ మీదే ఉన్నాయి.

“ఉన్నది మామూ,” అన్నాడు అక్తర్. “ఎక్కడ జూసినా నువ్వే.”

బారీ అల్లాకు షుకర్ అన్నాడు. టైం అయిందని అవతల గంట కొట్టారు.